మూడు చూరుల కింద ఒక లెక్క

నాకు ముక్కు మీద కోపం. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు యాభై ఏళ్ళు పట్టింది, అదీ ఒక లెక్క పుణ్యమా అని. బరంపురంలో మా అన్నయ్య కిరాణా హోల్‌సేలు దుకాణం మేడ మీద, పప్పు బస్తాల గది పక్కన, నేను పిల్లలకి లెక్కలు చెప్తాను. మా ఇంట్లో మూడు తరాలుగా అందరూ తక్కెడ పట్టినవాళ్ళే. నేనొక్కణ్ణే సుద్దముక్క పట్టాను. బేరమాడటం చేతకానివాడు ఇంకేం చేస్తాడులే అని అన్నయ్య వేళాకోళం చేస్తాడు. నేను ఊరుకుంటాను, లేదా ఊరుకోను. అది ఆ రోజు ఎండని బట్టి ఉంటుంది.

ఆ ఏడు నా దగ్గరికి పదిమంది వచ్చేవాళ్ళు. తొమ్మిదిమంది పదో క్లాసు పిల్లలు. పదో మనిషి మార్కండి నుంచి వచ్చే అమ్మాయి. సముద్రం మీద బతికే కుటుంబం. తండ్రి ఎక్కడో గుజరాత్ వైపు పడవల మీద పనికి పోయాడు. తల్లి మన బజారులోనే ఎండుచేపలు అమ్ముతుంది. అమ్మాయి ఒడియా మీడియంలో ప్లస్ టూ అయిపోయి, డిప్లొమా కాలేజీ టెస్టుకి తయారవుతోంది. టెస్టు పోతే ఏమవుతుందో మొదటి రోజే వాళ్ళమ్మ నాకు చెప్పేసింది. వాళ్ళ ఊరి ఆడవాళ్ళు కొందరు గుజరాత్‌లో రొయ్యలు ఒలిచే షెడ్డుకి వెళ్తున్నారు. వాళ్ళని తీసుకెళ్ళే సర్దారు ఈ పిల్ల పేరు రాసుకున్నాడు, టికెట్టు కోసం ఆధార్ కాగితం కూడా పట్టుకెళ్ళాడు.

"సీటొస్తే ఆపేస్తాను మాస్టారు. నేకపోతే నాను ఆపనేను" అంది ఆమె.

ఆ మాటలో బతిమాలడం లేదు. ఉన్న సంగతి చెప్పింది, అంతే. మేము చేప తినమని ఆమెకి తెలుసు. అందుకని వచ్చినప్పుడల్లా మా అమ్మకి మొగలిపువ్వు తెచ్చేది. మా అమ్మ పువ్వు తీసుకునేది, పిల్లని మాత్రం గుమ్మం దగ్గర చాప మీదే కూర్చోబెట్టమనేది. నేనూ అలాగే కూర్చోబెట్టాను. లోపల ఫ్యాను కింద కూర్చున్న తొమ్మిదిమందికంటే ఆ పిల్ల వేగంగా లెక్కలు చేసేది. అది చూసి నాకు సిగ్గేసేది కానీ, చాప మాత్రం జరపలేదు.

ఆ టెస్టులో పిల్లలు ఎక్కువగా బెదిరేది వర్గమూలంలో వర్గమూలం వచ్చినప్పుడు. ఆ గుర్తుని నేను చూరు అంటాను, ఇంటి చూరులా వాలి ఉంటుంది కాబట్టి. ఒక చూరు కింద ఒక సంఖ్య, ఆ చూరు లోపలే దాని పక్కన ఇంకో చూరు, దాని కింద ఇంకో సంఖ్య, దాని పక్కన మళ్ళీ ఒక చూరు. కాగితం మీద చూస్తే వరుసగా గదులున్న పాత ఇల్లులా ఉంటుంది, లోపలికి వెళ్తే బయటికి దారి కనపడదు. నిజానికి అందులో భయపడాల్సింది ఏమీ లేదు. వర్గమూలం అంటే పవరు సగం కావడం. పదహారుకి వర్గమూలం నాలుగు. పదహారు పవర్ అర అన్నా అదే నాలుగు. సంఖ్యని సగం చేసి ఎనిమిది అని రాసే మహానుభావులు ప్రతి బ్యాచిలోనూ ఇద్దరుంటారు, వాళ్ళ సంగతి వదిలేద్దాం. ఒక చూరుకి పవరు అర. చూరు మీద చూరు వస్తే అరలో సగం, అంటే పావు. మూడో చూరు వస్తే పావులో సగం.

అర, పావు, అరపావు. ఇది నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. మా దుకాణంలో కంప్యూటరు కాటా వచ్చి చాలా ఏళ్ళయింది, అయినా గోదాము మూల పాత తక్కెడ ఇంకా ఉంది. దాన్ని మేడ మీదికి మోయించాను. ఒక పళ్ళెంలో కిలో రాయి పెట్టాను. రెండో పళ్ళెంలో అరకిలో రాయి వేశాను. దాని మీద రెండొందలూ యాభై కలిపి పావు. అరపావు రాయి ఇప్పుడు ఎక్కడా దొరకదు, అందుకని నూరు, ఇరవై, ఐదు గ్రాముల రాళ్ళు గుడ్డలో మూటకట్టి అరపావు అని పేరు పెట్టాను. మొదటి చూరు కింద ఉన్న ఎక్స్‌కి అర, రెండో చూరు కింద ఉన్న ఎక్స్‌కి పావు, మూడోదానికి అరపావు. అన్నీ కలిస్తే కిలోకి అరపావు తక్కువ, అంటే ఎనిమిదింట ఏడు వంతులు. తక్కెడ ముల్లు ఇంకా కిలో రాయి వైపే వాలి ఊగుతుంటే పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూశారు. చూరులు అలా ఆగకుండా లోపలికి పోతూనే ఉంటే ఏమవుతుంది మాస్టారూ అని ఒకడు అడిగాడు. పళ్ళెం కిలోకి దగ్గరవుతూనే ఉంటుంది, మా అన్నయ్యయితే ఈపాటికి పొట్లం కట్టేసేవాడు అన్నాను. నా అంతటివాడు లేడనుకున్నాను ఆ పూట. బోర్డు మీద పెద్దక్షరాలతో సూత్రం రాశాను: ఎన్ని చూరులో అన్ని రాళ్ళు.

ఆ సూత్రంలో ఒక లోటు ఉంది. అది నాకు కనపడలేదు, ఎందుకంటే నేను ఇచ్చిన ప్రతి లెక్కలోనూ ప్రతి చూరు కిందా ఒక ఎక్స్ పెట్టాను.

టెస్టు ఆదివారం. ముందు రోజు సాయంత్రం ఆ అమ్మాయికి ఆఖరి ప్రాక్టీసు పేపరు పెట్టాను. నేనే రాసిన పేపరు, జవాబుల కాగితం కూడా నాదే. గడియారం పెట్టుకుని చేయించి, గబగబా దిద్దాను. కింద లారీ దిగుతోంది, అన్నయ్య కేకలేస్తున్నాడు. టిక్కు, టిక్కు, టిక్కు. ఒక్కటి తప్ప అన్నీ ఒప్పు. బాగా చేశావు, రాత్రి పెందలాడే పడుకో, పొద్దున్న కడుపునిండా తిని వెళ్ళు అని పంపేశాను. ఆ పిల్ల గుమ్మం దగ్గర ఒక్క క్షణం నిలబడింది. ఏదో అడగబోయిందనుకుంటాను. నేను మెట్లు దిగిపోతున్నాను.

ఆదివారం పొద్దున్న ఎనిమిది గంటలకి కాఫీ తాగుతూ, అదే పేపరులోంచి పదో క్లాసు వాళ్ళకి రెండు లెక్కలు తీద్దామని కూర్చున్నాను. పద్నాలుగో లెక్క దగ్గర ఆగాను. రెండొందల యాభై ఆరు. దాని మీద చూరు, దాని మీద చూరు, దాని మీద చూరు. మూడు చూరుల కింద ఒకే ఒక్క సంఖ్య. ఆ అమ్మాయి గుండ్రటి అక్షరాలతో ఎనిమిదింట ఏడు అని పవరు వేసి, నూట ఇరవై ఎనిమిది అని రాసింది. నా ఎర్ర టిక్కు ఉంది. నా జవాబుల కాగితంలోనూ నూట ఇరవై ఎనిమిదే.

ఏదో తేడాగా ఉందనిపించింది. ఫోనులో క్యాలిక్యులేటరు తీసి వర్గమూలం నొక్కాను. పదహారు. మళ్ళీ నొక్కాను. నాలుగు. మళ్ళీ నొక్కాను. రెండు.

ఇంకోసారి మొదటినుంచి నొక్కాను. మళ్ళీ రెండే వచ్చింది.

ఈ తప్పు దుకాణంలో పుట్టినవాడు తప్ప ఇంకెవడూ చెయ్యడు. అర మీద పావు, పావు మీద అరపావు అని రాళ్ళు పేర్చడం చిన్నప్పటినుంచీ నా చేతికి అలవాటు. మా ఇంట్లో పళ్ళెంలో వేసిన రాయిని సరుకు దిగేదాకా తియ్యరు. అందుకే మూడు చూరులు కనపడగానే చెయ్యి తనంతట తనే మూడు రాళ్ళూ వేసేసింది. కానీ ఇక్కడ పై రెండు చూరుల కింద విడిగా సరుకేమీ లేదు. ఉన్నదల్లా అట్టడుగున ఒక్క సంఖ్య. దాని పవరు సగం, మళ్ళీ సగం, మళ్ళీ సగం. ఒక్క అరపావు, అంటే ఎనిమిదింట ఒక వంతు. మిగతా రెండు రాళ్ళూ దండగ. పదో క్లాసులో నేనే చదువుకున్న సంగతి ఇది.

అప్పుడు ఇంకోటి గుర్తొచ్చింది. ఆ వారమే ఆ పిల్ల చాప మీదనుంచి చెయ్యెత్తింది. "మాస్టారు, పైన ఏటీ నేకపోతే" అని మొదలెట్టింది. పూర్తి చెయ్యనివ్వలేదు నేను. చెప్పింది చెప్పినట్టు చెయ్యి, నువ్వు పుట్టకముందునుంచి తక్కెడ పట్టుకున్నాం మేము అన్నాను. పిల్లలు నవ్వారు. ఆ పిల్ల చెయ్యి దించేసింది. తర్వాత ఇంకేమీ అడగలేదు. అర్థమైపోయిందనుకున్నాను.

సెంటరు ఊరవతల ఛత్రపూర్ రోడ్డు మీద ఒక కాలేజీ. తొమ్మిదిన్నరకి గేటు మూసేస్తారు. అమ్మాయి దగ్గర ఫోను లేదు. తల్లికి చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. మూడోసారికి ఎత్తింది, వెనకాల బజారు గోల. పిల్ల ఆరింటికే ఆటోలో బయల్దేరిందని చెప్పింది.

"ఏటంటే మాస్టారు, ఏటన్నా తేడా వొచ్చిందేటి?"

ఏం లేదమ్మా, ఊరికే ధైర్యం చెప్దామని, అని అబద్ధమాడాను. ఆమె నమ్మింది. అది నన్ను ఇంకా కాల్చింది.

స్కూటరు తీశాను. చొక్కా గుండీలు రోడ్డు మీద పెట్టుకున్నాను. ఆదివారమైనా రోడ్డు ఖాళీగా లేదు. రైలు గేటు దగ్గర గూడ్సు బండి అడ్డం వచ్చింది. అది నత్తలా పోతూ ఉంది, పెట్టె వెనక పెట్టె, పెట్టె వెనక పెట్టె. ఒక్క మార్కే కదా అని నాకు నేను చెప్పుకున్నాను. కానీ ఈ టెస్టులో ఒక్క మార్కు దగ్గర ఎంతమంది పోతారో నాకంటే ఎవరికి తెలుసు? పైగా ఇచ్చిన నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకునే టెస్టు, తప్పు జవాబుకి మార్కు కోస్తారు. అలాంటి లెక్కలు రెండొస్తే? మూడొస్తే? ఎన్ని చూరులో అన్ని రాళ్ళు అని ఆ పిల్ల ప్రతిదానికీ వేసేస్తుంది, ఎందుకంటే వెయ్యమన్నది నేను.

ఇంకో భయం కూడా పట్టుకుంది. గేటు దగ్గర ఆఖరి నిమిషంలో వెళ్ళి, నేను నేర్పింది తప్పమ్మా అంటే ఆ పిల్ల ఏమైపోతుంది? ఒక్కటి తప్పైతే మిగతావన్నీ కూడా తప్పేమో అనుకోదా? చెప్తే బెదిరిపోతుంది. చెప్పకపోతే నా తప్పు రాస్తుంది. గూడ్సు బండి పోయేదాకా ఈ రెంటి మధ్యా కొట్టుకున్నాను. వెనక్కి తిరిగిపోదామని కూడా అనిపించింది, ఆ మాట దాచను. చెప్పకుండా ఊరుకుంటే ఎవరికీ తెలియదు. సీటు రాకపోతే ఏ లెక్క వల్ల రాలేదో ఎవడు చూడొచ్చాడు?

గేటు లేచింది. ఆ తర్వాత దారంతా ఒకటే పని, చెప్పాల్సింది ఒక్క వాక్యంలోకి కుదించడం. పవర్లు గుణించాలమ్మా, కలపకూడదు అందామా? అప్పుడు మొదటి రకం లెక్కలు పాడు చేస్తుంది. పక్కన ఎక్స్ ఉంటే కలుపు, లేకపోతే గుణించు అందామా? అదీ పొడుగే. చివరికి ఇలా కూర్చుకున్నాను: సరుకు లేని చూరుకి రాయి వెయ్యకు. హెల్మెట్టు లోపల పదిసార్లు పైకే అనుకున్నాను.

నేను చేరేసరికి తొమ్మిదీ ఇరవై. గేటు బయట ఆడపిల్లల లైను వేరుగా ఉంది. గాజులు, చెవి పోగులు తీయిస్తున్నారు. ముందుకి వెళ్ళబోతే కానిస్టేబులు తాడు దాటొద్దని ఒడియాలో గదమాయించాడు. లైనులో ఎక్కడా కనపడలేదు. లోపలికి వెళ్ళిపోయిందనుకున్నాను. అప్పుడు గేటుకి ఇంకో ఐదుగురు ఉన్నారనగా చూశాను, ప్లాస్టిక్ కవరులో అడ్మిట్ కార్డు గుండెకి ఆనించుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. పిలిచాను. వెనక్కి తిరిగింది. నన్ను చూసి భయపడింది. అది నాకు తెలిసిన చూపే, చాప మీద కూర్చుని రోజూ చూసే చూపే. అంతకుముందు ఎప్పుడూ అది భయం అనుకోలేదు, వినయం అనుకున్నాను.

పది మంది మధ్యలో, తాడు అవతలనుంచి అన్నాను:

"నిన్నటి పద్నాలుగో లెక్క తప్పమ్మా. నేనే తప్పు చెప్పినాను. దాని జవాబు రెండు."

ఉలిక్కిపడుతుందనుకున్నాను. పడలేదు.

"తెల్సండి" అంది.

తెలుసా అన్నాను. లైను ఒక అడుగు జరిగింది. ఆ పిల్ల గబగబా చెప్పింది, గొంతు తగ్గించి. వాళ్ళ ఊరి ఒడ్డు మీద వల దిగాక సగం పడవకీ వలకీ తీసేస్తారట. మిగిలిన సగంలోనే మళ్ళీ పంపకం. ఒక మనిషికి వచ్చిన వాటాలో సగం ఇంకొకరికి ఇవ్వాల్సొస్తే, ఉన్న చేపలోంచే ఇస్తారు కానీ, పైనుంచి కొత్త చేప రాదు.

"మీ లెక్కలో అడుగున ఒక్కటే సేప ఉంది మాస్టారు. దాని పవర్నే మూడు మాట్లు సగం సేయాల. ఇంటికాడ సేసి సూసినాను. రెండే వొచ్చింది."

ఎంత శుభ్రంగా చెప్పింది. నేను దారంతా కూర్చుకున్న వాక్యం నోట్లోనే ఉండిపోయింది.

"మరి నాకు చెప్పలేదేం?" అన్నాను.

ఆ పిల్ల కింద నేల చూసింది.

"మీకు కోపమొస్తాదని."

కానిస్టేబులు ముందుకు పదమన్నాడు. గేటుకి ఇద్దరే ఉన్నారు. నాకు ఒక్క సంగతే తెలియాలి అప్పుడు. ఈ రోజు పేపర్లో అలాంటిది వస్తే ఏది పెడదామనుకున్నావు అని అడిగాను.

"మీరు సెప్పిందే" అంది. "మీరు తప్పు సెప్తారేటి అనుకున్నాను. నాకే ఎక్కడో తెలీనేదేమో అని."

రెండు అని తనే కనుక్కుంది, చేసి చూసుకుంది, సరిగ్గా ఉందని కళ్ళారా చూసింది. అయినా లోపలికి వెళ్ళి, తెలిసి తెలిసి, నా నూట ఇరవై ఎనిమిది పెట్టేది. రొయ్యల షెడ్డుకి పోవాల్సొచ్చినా సరే, నా టిక్కుకి ఎదురు చెప్పేది కాదు. ఇన్నేళ్ళు నేను పిల్లలకి నేర్పింది ఇదా అనిపించి సిగ్గుతో చచ్చిపోయాను.

"నాది పెట్టకు. నీకు తెలిసిందే పెట్టు. ఏ లెక్కయినా సరే" అన్నాను.

తల ఊపింది. చెప్పులు వేసుకుని లోపలికి వెళ్ళిపోయింది. సరిగ్గా విందో లేదో తెలియలేదు. గేటు మూసేశారు.

మూడు గంటలు ఆ రోడ్డు పక్క టీ బడ్డీ దగ్గర కూర్చున్నాను. మిగతా తల్లిదండ్రులు పేపరు ఎలా ఉంటుందో అని మాట్లాడుకుంటున్నారు. నన్ను ఎవరి తండ్రివని ఒకాయన అడిగాడు. మాస్టార్ని అన్నాను. మంచి మాస్టారండీ, సెంటరు దాకా వచ్చారు అన్నాడు. ఇంకో టీ చెప్పాను, తాగలేకపోయాను. కుదురుగా కూర్చోలేక, ఇన్నేళ్ళలో నేను గదమాయిస్తే చెయ్యి దించేసిన పిల్లల్ని తలుచుకోవడం మొదలుపెట్టాను. ముఖాలు గుర్తొచ్చాయి కానీ, వాళ్ళు అడగబోయిందేమిటో ఒక్కటీ గుర్తు రాలేదు. వినలేదు కాబట్టి గుర్తుండే అవకాశమే లేదు. వాళ్ళలో ఎంతమంది నా తప్పుల్ని జాగ్రత్తగా మోసుకుపోయి పరీక్షల్లో పెట్టారో నాకెప్పటికీ తెలియదు.

వానలు పడ్డాక ఆ అమ్మాయికి సీటు వచ్చింది. తల్లి ఫోను చేసి, సర్దారు దగ్గర పేరు కొట్టించేశానని చెప్పింది. అది తర్వాతి సంగతి. ఆ ఆదివారం మధ్యాహ్నం మాత్రం ఎవరికీ ఏమీ తెలియదు. గేటు తెరిచారు. పిల్లలు బిలబిలమంటూ బయటికొచ్చారు. ఈ అమ్మాయి దాదాపు ఆఖరున వచ్చింది, ఎండకి కళ్ళు చిట్లించుకుంటూ. నేను లేచి ఎదురెళ్ళాను. ఎలా రాశావని నేను అడగలేదు. ఆ పిల్లే చెప్పింది, నా ముఖంలోకి చూస్తూ.

"వొచ్చింది మాస్టారు, అలాటి లెక్కే. మూడు సూరులు, కింద ఒకటే అంకి. మీలాగ రాళ్ళేసి సూసినాను. ఆ జవాబు కూడా ఉంది, బి లో."

"నువ్వేది పెట్టినావు?"

నాకు కోపం వస్తుందో రాదో చూసుకుంటోందని తెలుస్తూనే ఉంది.

"నాదే ఎట్టినాను" అంది.